కొత్త ఇంటి పరదాలు

దర్జీ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడతాడు. అతని ఇంటి గోడలకు ఇరవయ్యేళ్లుగా సున్నం లేదు. తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రం తమదేనని, ప్రవచనం ప్రకారం దేవుడు త్వరలోనే తమను స్వదేశానికి చేరుస్తాడని సంఘపెద్ద అయిన బావమరిది అప్పట్లో నమ్మించాడు. "వెళ్లిపోయేవాళ్లకి సున్నాలెందుకు బావా?" అన్నాడు. సున్నం వేయించమని భార్య ఎంత పోరినా దర్జీ వినలేదు. మంచం కింద సర్దిపెట్టిన పెట్టె దుమ్ము మాత్రం వారం వారం దులుపుతాడు.

నిన్న బావమరిది కబురు పెడితే, టేపు మెడలో వేసుకుని చెప్పిన చోటికి వెళ్లాడు. అక్కడ రంగు తడి ఆరని రెండంతస్తుల ఇల్లు. "మనదే, నేనే కట్టించా. కిటికీలకి పరదాలు కుట్టాలి, కొలతలు తీసుకో" అన్నాడు బావమరిది.

దర్జీ సూదులన్నీ నోట్లోంచి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. "మరి మన ప్రయాణం?"

"అదెప్పటికో! గుడ్డ మాత్రం గట్టిది చూడు బావా, ఇరవయ్యేళ్లు మన్నాలి."