పోర్టుకు ఆదివారం లేదు

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు పిల్లాడిని శనివారం సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళతాడు, ఆదివారం రాత్రికి తెచ్చి దింపుతాడు. నిన్న తేవడం ఆలస్యమైందని వాళ్ళమ్మ ఫోనులో కోర్టు కాగితం తీసి చూపిస్తూ లిఫ్టు దగ్గర గొడవ పెట్టుకుంటుంటే, కూరగాయల సంచీతో ఉన్న నేను లిఫ్టు ఎక్కకుండా అక్కడే నిలబడిపోయాను. మీకెందుకత్తయ్యా ఆ గొడవ అని మా కోడలు విసుక్కుంది గానీ, నా ఈడువాళ్ళయితే అనరు లెండి. మన రోజుల్లో మొగుడూ పెళ్ళాం విడిపోయారంటే వీధి వీధంతా కిటికీల్లో నిలబడేది, ఇక వాళ్ళ పిల్లని వింత జంతువుని చూసినట్టు చూసేవారు. అలాంటి పిల్లని నేను.

డెబ్బైల చివర్లో అమ్మ నన్ను తీసుకుని కంచరపాలెంలో అమ్మమ్మగారింటికి వచ్చేసింది. నాన్న పోర్టులో పని చేస్తూ, రైలు పట్టాలకు ఆవల ఒంటిగది క్వార్టర్లో ఉండేవాడు. వాళ్ళకెందుకు చెడిందో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. పిల్ల ప్రతి ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తండ్రి దగ్గర ఉండాలని కోర్టువారు రాసేశారు. ఆదివారమంటే అందరికీ సెలవే అనుకునే పెద్దమనుషుల రాత అది. పోర్టుకు ఆదివారం ఎక్కడిదండీ! ఓడ వస్తే సరుకు దించాలి, ఎక్కించాలి, షిఫ్టులు మారుతుంటాయి, సెలవు ఏ మంగళవారమో పడుతుంది. ఆ ముక్క కోర్టులో చెప్పడానికి నాన్నకు నోరు రాలేదు, చెబితే ఉన్న ఆదివారం కూడా పోతుందని ఆయన భయం.

ఒకరి గడప ఒకరు తొక్కరు కనక నా అప్పగింతలు రైలు గేటు దగ్గర జరిగేవి. అమ్మ ఇటు, నాన్న అటు, మధ్యలో పోర్టుకు పోయే ఖనిజం బండి. అది ఎంతకీ తెగేది కాదు. దాటి వెళితే, రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నాన్న ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూనే గోడకి జారబడి నిద్రపోయేవాడు. బయటికెళితే ఎవరైనా చూసి అమ్మమ్మ చెవిన వేస్తారని నేను కదలకుండా ఆయన గురక వింటూ కూర్చునేదాన్ని. ఇటొస్తే అమ్మమ్మ కాచుకుని ఉండేది. "ఏటే, ఏటెట్టాడు మీ నాన్న? ఎక్కడికి తీసికెళ్ళాడు?" నిద్రపోయాడంటే ఇక పంపరని నాకు తెలుసు, బీచికెళ్ళామని చెప్పేదాన్ని. అక్కడా నోరు మూసుకోవాలి, ఇక్కడా నోరు మూసుకోవాలి.

ఒక ఆదివారం, ఓడ వచ్చింది, మనుషులు చాల్లేదు, వెంటనే రమ్మని నాన్నకు కబురొచ్చింది. వెళ్ళనంటే ఉద్యోగానికి చేటు, నన్ను వెనక్కి పంపితే పిల్ల అక్కర్లేదన్నాడని అంటారు. పాపం, ఏం చేస్తాడు! "బోజనం యేళకి ఒచ్చేత్తాను బుజ్జీ, బయపడకు" అని చెప్పి, బయట తాళం వేసుకుని పరిగెత్తాడు. భోజనాల వేళ దాటింది, పొద్దు వాలింది, పక్క క్వార్టర్ పెద్దమ్మ కిటికీ చువ్వల్లోంచి అన్నం ముద్దలు పెడితే తిన్నాను. గేటు దగ్గర చూసి చూసి, అమ్మా మావయ్యా మొదటిసారి ఆ పట్టాలు దాటి వచ్చేశారు. తాళం చూసి మావయ్య చిందులు తొక్కుతుంటే, "నాన్న కూరకెళ్ళాడు, ఇప్పుడే వత్తాడు" అని లోపల్నుంచి గొంతు చించుకుని అరిచాను. అమ్మ చువ్వల్లోంచి నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాన్న రొప్పుకుంటూ వచ్చాడు, ఒళ్ళంతా ఎర్రటి ఖనిజం దుమ్ము. తాళం ఎంతకీ రాకపోతే అమ్మే తాళంచెవి లాక్కుని తీసింది. తీసి, "తిన్నావా?" అంది. నన్ననుకున్నాను, కాదు, నాన్నని. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఒక్క నిమిషం నాకు ఎంత ఆశ పుట్టిందో! కానీ మావయ్య మర్నాడే వకీలు దగ్గరికెళ్ళాడు, అన్న పంచన ఉన్న అమ్మ వద్దనలేకపోయింది.

కోర్టువారు ఆదివారాలు తీసేశారు. ఆ తరవాత నన్ను నాన్నకి చూపించడం నెలకోసారి, కోర్టు వరండాలో, ఒక గుమాస్తా కళ్ళెదుట, గంటసేపు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కునుకు రాకుండా కళ్ళు పెద్దవి చేసుకుని, బల్ల మీద నిటారుగా కూర్చునేవాడు. "బాగా సదువుతన్నావా?" అనేవాడు, నేను తలూపేదాన్ని, ఆ పైన ఇద్దరం గుమాస్తా వైపు చూసేవాళ్ళం. ఎనభైలు వచ్చేసరికి ఆయన రావడం తగ్గింది, తరవాత మానేశాడు.

ఇప్పుడు పిల్లల మనసు కనుక్కోవడానికి వేరే మనుషులుంటారట, రాలేనివాళ్ళు ఫోనులో ముఖం చూసుకుని మాట్లాడుకుంటారట, మంచిదే, సంతోషమే. నన్ను కూడా ఆ రోజుల్లో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని అడిగి ఉంటే, బీచీ వద్దు, బొమ్మలూ వద్దు, తాళం వేసినా సరే ఆ ఒంటిగదికే పంపండి, ఆయన నిద్రపోతాడు, నేను పక్కన కూర్చుంటాను అని చెప్పేదాన్ని.