తొంభై ఆరు కాంటాక్ట్‌లూ వెనక్కి వచ్చాయి

ఏంట్రా, సన్నబడ్డావ్ అన్నారు కదా, కారణం చెప్తా వినండి. పది రోజులుగా అయిదో అంతస్తుకి మెట్లెక్కి వెళ్తున్నాను. ఆరోగ్యం కోసమేం కాదు. లిఫ్ట్‌లో మనుషులుంటారు.

బెంగళూరు వర్తూరులో మా అపార్ట్‌మెంట్‌కి ఈ ఏడాది నేనే సెక్రటరీని. ఎవరు చేస్తారు అని అడిగిన టైమ్‌లో నాకు దగ్గొచ్చి చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాను. చప్పట్లు కొట్టేశారు. అదే ఎన్నిక.

మాకు నీళ్ళ గొడవ. బోరు ఎండిపోయింది, ట్యాంకర్ల మీద బతుకుతున్నాం. కావేరీ నీళ్ళ కనెక్షన్‌కి అప్లై చెయ్యాలంటే మా రూల్స్ ప్రకారం మూడింట రెండొంతుల మంది మీటింగ్‌కి వచ్చి ఓటెయ్యాలి. రెండుసార్లు పెట్టాం. రెండుసార్లూ పదకొండు మందే వచ్చారు, అందులో ఇద్దరు టీ కోసం వచ్చారు. మూడోసారి కూడా తప్పితే ఎండాకాలం మొత్తం బకెట్లే. మా అయిదో అంతస్తుకి నీళ్ళు అందరికంటే చివర వస్తాయి, అందరికంటే ముందు ఆగిపోతాయి. మా ఆవిడ సునీత అప్పటికే బాత్రూమ్‌లో డ్రమ్ములు పేర్చేసింది.

మీటింగ్ నోటీసు వారం ముందు ఈమెయిల్‌లోనే వెళ్ళాలి. వాట్సాప్ చెల్లదు, అది కొట్టుకోవడానికి మాత్రమే. ఆ శనివారం సాయంత్రం ఆరింటికి గడువు. నేను మూడింటికి కూర్చున్నాను. ముందే పంపొచ్చు కదా అనకండి. సాఫ్ట్‌వేర్‌లో పద్నాలుగేళ్ళుగా ఉన్నాను, డెడ్‌లైన్ రోజైతే తప్ప నాకు చేతులు ఆడవు.

అసోసియేషన్ పాత లాప్‌టాప్ పోయింది, కొత్తది కొన్నాం. మెయిల్ ప్రోగ్రామ్ వేశాను. మెయిల్స్ అన్నీ బుద్ధిగా దిగాయి. నోటీసు టైప్ చేసి, అడ్రస్ బుక్ ఓపెన్ చేశాను. కాంటాక్ట్స్: సున్నా!

కంగారేమీ పడలేదు. క్లోజ్ చేసి ఓపెన్ చేశాను. లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. మన ఫీల్డ్‌లో వైద్యం అంతే కదా. అయినా సున్నా. ఫిల్టర్ ఏదైనా ఉందేమో చూశాను, దాచిన ఫోల్డర్లు వెతికాను, డిలీటెడ్ ఐటమ్స్ కూడా తవ్వాను. పాత సెక్రటరీ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది, దానికి పాస్‌వర్డ్ ఉంది, ఆయన పూణే వెళ్ళిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. నాలుగున్నర అయింది.

అప్పుడు ఫోన్. మా ప్రెసిడెంట్ నారాయణప్పగారు. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు.

"ఏమప్పా, మెయిల్ పోయిందా?"

"పోలేదండీ. కాంటాక్ట్స్ పోయాయి."

"అవెట్ల పోతాయప్పా? నిన్న దాకా ఉండె కదా!"

"వెతుకుతున్నానండీ."

"నువ్వు కంప్యూటర్ పని చేసేవాడివని సెక్రటరీ చేస్తిమి, ఇప్పుడు చూస్తే ఇట్లుండాది. స్వల్ప బిరబిరా చెయ్యి, ఆరింటి లోపల పోవల్ల."

ఆయన పెట్టేశాక ఐడియా తట్టింది. నా ఫోన్! సెక్రటరీ అయిన రోజు నుంచీ ఫ్లాట్ల వాళ్ళందరి నంబర్లూ, మెయిల్ ఐడీలూ ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను, వాళ్ళకో గ్రూప్ కూడా ఉంది. ఆ గ్రూప్‌ని ఫైల్‌గా తీసి, లాప్‌టాప్‌లోకి పంపి, ఇంపోర్ట్ కొట్టాను. గిర్రున తిరిగి తిరిగి చెప్పింది: తొంభై ఆరు కాంటాక్ట్‌లు. మా ఫ్లాట్లు తొంభై ఆరు!

"సునీతా! దొరికాయి!" అని అరిచాను.

"ఒకసారి చూసుకుని పంపండి," అంది వంటింట్లోంచి.

చూశాను. ఒట్టు, చూశాను. ప్రతి మెయిల్ ఐడీ చూశాను. ఆఫీసులో నా ఉద్యోగమే టెస్టింగ్, ఇంకొకళ్ళ తప్పులు పట్టుకోవడానికి నాకు జీతమిస్తారు. అన్ని ఐడీలూ కరెక్ట్. ఎవరెవరికి పంపామో అందరికీ కనపడాలని పోయిన మీటింగ్‌లో ఒకాయన పట్టుబట్టాడు కాబట్టి, తొంభై ఆరు మందినీ పైన 'To' అని ఉండే గడిలోనే పెట్టాను. అయిదూ నలభైకి సెండ్ కొట్టి టీ పెట్టుకున్నాను.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, అడ్రస్ బుక్‌లో మనం ఏ పేరుతో సేవ్ చేసుకుంటే, మెయిల్‌తో పాటు ఆ పేరే అవతలివాళ్ళకి వెళ్తుంది. రెండు, నాకు పేర్లు గుర్తుండవు. ఎవరు ఏ కంప్లైంట్‌తో ఫోన్ చేస్తే ఆ కంప్లైంటే పేరుగా సేవ్ చేసుకుంటాను. ఆర్నెల్లుగా చూసీ చూసీ నాకవి పేర్లలాగే అలవాటైపోయాయి. సెండ్ కొట్టేముందు లిస్ట్ అంతా చదివినా ఒక్కటీ తేడాగా కనపడలేదు.

మొదటి ఫోన్ ఆరింటికి వచ్చింది. నారాయణప్పగారే.

"మెయిల్ వచ్చెనప్పా. అందులో 'ప్రెసిడెంట్ సణుగుడు' అని ఉండాది. అది నేనేనా?"

టీ పక్కన పెట్టాను. పంపిన మెయిల్ తెరిచాను. ఇప్పుడు చదువుతుంటే ఒక్కొక్కటీ కనపడింది. 'ఏ-302 ఆదివారం డ్రిల్లింగ్.' 'బి-104 కుక్క.' అందులో కుక్క యజమాని అని కూడా లేదు, కుక్క అనే ఉంది. 'బి-404 అన్నీ తెలుసు.' 'సి-105 లీకేజీ.' దాని కిందే 'సి-205 లీకేజీకి కారణం.'

ఈ సి-205 ఆయన, కింద ఇంట్లో కారే నీళ్ళకీ తన బాత్రూమ్‌కీ సంబంధమే లేదని రెండేళ్ళుగా వాదిస్తున్నాడు. పావుగంటలో సి-105 ఆయన మెయిల్ ప్రింట్ తీసుకుని మా తలుపు కొట్టాడు. మొహం వెలిగిపోతోంది. "థ్యాంక్యూ సార్! అసోసియేషన్ ఇన్నాళ్ళకి రైటింగ్‌లో ఒప్పుకుంది," అన్నాడు. ఆయన వెనకాలే సి-205 ఆయన కూడా వచ్చాడు. ఆయన థ్యాంక్యూ చెప్పలేదు.

వెంటనే దిద్దుకోవాలి కదా. "ముందు మెయిల్‌లో పేర్లు పొరపాటున వెళ్ళాయి, పట్టించుకోవద్దు, క్షమించండి" అని వినయంగా రాసి అందరికీ ఇంకో మెయిల్ కొట్టాను. అదే అడ్రస్ బుక్ నుంచి. అవే పేర్లతో! మొదటిది చూడనివాళ్ళు కూడా రెండోది చూసి, మొదటిది వెతుక్కుని మరీ చదివారు.

సునీత నా వెనక నిలబడి లిస్ట్ అంతా చదివింది. "మీకు ఇంత టైమ్ ఎక్కడిదండీ?" అని అడిగింది.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పను. చాలావరకు పేర్లు తెలుగువి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాను, మిగతా భాషలవాళ్ళకి అర్థం కావులే అనుకున్నాను. వాళ్ళంతా అర్థం అడగడానికి నారాయణప్పగారి ఇంటికి క్యూ కట్టారు. "నాకు పనే అదైపోయిందప్పా," అన్నాడాయన, "బి-404 వాడికి మాత్రం, నువ్వు మహా పండితుడంట అని చెప్పి పంపిస్తిని." ఆ బి-404 ఆయన ఒక్కడే ఇప్పటికీ నాకు నమస్కారం పెడుతున్నాడు.

ఆదివారం మీటింగ్. వెళ్ళనన్నాను. నీళ్ళు కావాలంటే వెళ్ళండి అంది సునీత. వెళ్ళాం. హాల్లో కుర్చీలు చాల్లేదు! తొంభై ఆరు ఫ్లాట్లకి ఎనభై ఎనిమిది ఫ్లాట్లవాళ్ళు వచ్చారు. నీళ్ళ కోసం కాదు, 'డ్రిల్లింగ్' ఎవరు, 'కుక్క' ఎవరు అని ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడానికి. డి-302 ఆవిడ లేచి గట్టిగా అడిగింది, "మూడేళ్ళుగా ఉంటున్నాను, నాకెందుకు ఉత్త పేరే పెట్టారు? మేం మీ కంటికి ఆనలేదా?" ఆవిడ ఎప్పుడూ కంప్లైంట్‌తో ఫోన్ చెయ్యలేదు మరి.

కావేరీ కనెక్షన్ పది నిమిషాల్లో పాసైపోయింది. ఇంతకన్నా మంచి సమయం దొరకదని లేచి, రాజీనామా చేస్తున్నానన్నాను.

"కూర్చో అప్పా," అన్నాడు నారాయణప్పగారు. "ఎవరికి ఏం తొందర, ఏం కష్టం ఉండాదో ఇంత కరెక్టుగా రాసుకున్నోడు ఇంకెవడుండాడు? ఇంకో సంవత్సరం నువ్వే." మళ్ళీ చప్పట్లు.

అంతటితో వదిలేసినా బాగుండేది. సి-205 ఆయన లేచి, "సెక్రటరీ మనల్ని ఏమని సేవ్ చేశాడో చూశాం. మనం ఆయన్ని ఏమని సేవ్ చేశామో ఆయనా చూడాలి కదా," అన్నాడు. అందరూ నవ్వుతూ ఫోన్లు తీసి, నా వైపు తిప్పి, పైకెత్తి పట్టుకున్నారు. కొందరు 'సెక్రటరీ, ఎత్తొద్దు' అని పెట్టుకున్నారు. కొందరు 'డోంట్ పిక్' అని, కొందరు కన్నడంలో పెట్టుకున్నారు. ఎన్ని భాషలున్నా భావం ఒక్కటే. నా అసలు పేరు ఒక్క ఫోన్‌లోనూ కనపడలేదు.

సునీత మాత్రం తన ఫోన్ బోర్లించి, మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నేను అడగలేదు. ఆ మాత్రం బుద్ధి వచ్చింది నాకు.