ఆదిలాబాద్ మైదానంలో విమానాన్ని వెతికిన పూట

మా కూతురి కూతురు సుశీలకు ఆదిలాబాద్ సంబంధం వచ్చింది. పిల్లవాడిది విమానాల స్టేషన్‌లో కొలువు అన్నాడు మధ్యవర్తి. ఏం కొలువంటే చేయి ఆకాశం వైపు తిప్పి ఊరుకున్నాడు. సుశీల మెట్రిక్ పాసైన పిల్ల. నన్ను పక్కకు పిలిచి, "అమ్మమ్మా, గా మనిషి పొద్దంత ఏం జేస్తడో కండ్లతోని చూసొచ్చి చెప్పు. అప్పుడే నేను సరే అంట," అంది. చెప్పాపెట్టకుండా బయలుదేరాను.

కరీంనగర్ నుంచి ముందురోజే నిర్మల్ చేరి చుట్టాలింట్లో పడుకున్నాను. ఒక్క రోజులో పోదామనుకునేవారు తమ నడుముతో ముందే మాట్లాడుకోవాలి. పొద్దున ఐదున్నర బస్సుకు టికెట్టు రెండు రూపాయల చిల్లర. ఘాటు ఎక్కుతుంటే ఇంజను చల్లబడాలని డ్రైవరు రెండుసార్లు ఆపాడు. ఎనిమిదిన్నరకు ఆదిలాబాద్‌లో దిగి, హోటల్లో పూరీలు వేస్తున్నామెను విమానాలు ఎక్కడ దిగుతాయని అడిగాను.

"తెల్లోళ్ల లడాయప్పుడు నిజాం సర్కారు కట్టిచ్చిందవ్వా. ఇప్పుడు గాడ బర్రెలు దిగుతయ్," అంది.

ముప్పావలాకు కుదిరిన టాంగా మనిషి ఆ మాట ఒప్పుకోలేదు. "గామెకేం ఎరుక! అది మిలిటరీది. జర దూరం నుంచే చూడాలె."

"మిలిటరీ వాళ్లున్నరా?"

"లేరు."

"మరి దూరం ఎవలికోసం?"

గుర్రాన్ని అదిలించాడు.

చేరాక చూస్తే పొడుగాటి గట్టి నేల, చుట్టూ గడ్డి, గాలి ఎటో చూపడానికి ఒక కర్రకు చిరిగిన గుడ్డ తొడుగు. విమానం లేదు. పాతికేళ్ల మనిషి వంగి నడుస్తూ తువ్వాలలోకి ఏదో ఏరుతున్నాడు.

"ఏం ఏరుతున్నవ్ బిడ్డా?"

"రాళ్లవ్వా. చక్రం కింద పడితే విమానం పల్టీ కొడ్తది."

"విమానమేది?"

"రాలే."

"ఎప్పుడొస్తది?"

"చెప్పలే."

ఎవరు చెప్పాలో అతనికీ తెలియదు. పేరు వెంకటి అన్నాడు. మధ్యవర్తి చెప్పిన పేరూ అదే, అంటే మేము చూడవలసిన పిల్లవాడే. నేనెవరో చెప్పలేదు. అతను ఆ మైదానానికి కాపలాదారు, అతనికి ముందు అతని తండ్రి చేశాడట. రేకుల గదిలోంచి తెచ్చిన రిజిస్టరులో పాత పేజీలు ఉర్దూలో ఉన్నాయి. నా చదువూ ఉర్దూలోనే గనుక చదివాను. తారీఖు, గాలి ఎటు వీస్తోంది, విమానం రాలేదు. హైదరాబాద్ రాజ్యంలో ఉర్దూలో రాలేదు, ఆంధ్రప్రదేశ్ అయ్యాక తెలుగులో రాలేదు.

"నీ కండ్ల ముందట ఎన్ని దిగినయ్?"

"రెండు." తల గోక్కున్నాడు. "ఒకటే అవ్వా. ఇంకోటి చక్కర్ కొట్టి పోయింది."

"పెండ్లీడుకొచ్చినవ్ గదా, పిల్లనిచ్చెటోళ్లకు నీ కొలువేందని చెప్పినవ్?"

"కాపలా అనే చెప్పుమన్న. మధ్యల మనిషి ఏం జెప్పిండో ఎరుకలే." ఇంతలో రెండు బర్రెలు మైదానం ఎక్కాయి. రిజిస్టరు నా ఒళ్లో పడేసి పరుగెత్తాడు. పావుగంట నేను అక్కడే అయోమయంగా కూర్చున్నాను. ఇది కొలువేనా? ఎవరి కొలువు? అడిగే అధికారి లేడు, చూసే మనిషి లేడు, అయినా బర్రెలను తోలి తిరిగొస్తూ కూడా ఇతను దారిలో కనబడ్డ రాయిని వదలడు. సుశీలకు ఏమని చెప్పాలి?

ఇంటికొచ్చి ఉన్నదే చెప్పాను. "రాని విమానానికి రాళ్లు ఏరుతడు. ఎవ్వలు చూడకున్నా ఏరుతడు."

"నీకు అబద్ధం చెప్పిండా?"

"ఒకటి చెప్పి, నేను అడగకముందే వాపస్ తీసుకుండు."

పిల్ల నవ్వింది. "గట్లయితే బాపును సరే అనుమను."

ఆ నేల మిలిటరీదో, సర్కారుదో, బర్రెలదో నాకిప్పటికీ తేలలేదు. ప్రపంచ యుద్ధమనే పెద్ద లడాయి కోసం చదును చేసిన చోట ఇప్పుడు ఒక్క మనిషి బర్రెలతో లడాయి చేస్తున్నాడు. దాన్ని చూడడానికి అంత దూరం పోవాలా అంటే, నేను పోయాను, మళ్లీ పోవలసి వస్తుంది కూడా.

మీరు పోదామనుకుంటే టాంగాను రానూపోనూ కలిపి మాట్లాడుకోండి, అక్కడ తిరుగు బండి దొరకదు. వచ్చే మాఘంలో ఒక వారం మాత్రం ఆగండి. కాపలాదారు పెళ్లిపీటల మీద ఉంటాడు. ఈ సంగతి బర్రెలకు తెలియనివ్వకండి.