కోరో చేరని కారు

సకియుసా తన కారు ముందు పుల్లీ బోల్టును ఎప్పుడు వదులు చేశాడు? విలిసోని టాక్సీకి పట్టిన జబ్బేమిటో తేలాకనా, లేక అంతకు ముందే, ఆ చప్పుడు రోడ్డు మలుపులో వినబడగానేనా? ఇన్నేళ్ళుగా అటు తిప్పీ ఇటు తిప్పీ చూసినా ఈ ఒక్క సంగతీ తేలలేదు. విలిసోనిని అడిగితే పెదవి విరుస్తాడు. సకియుసాను అడిగే వీలు ఇప్పుడు లేదు. ఉన్నా, నిజం చెప్పే రకం కాడు.

సకియుసాది కోరో దీవి. ఇరవై ఏళ్ళ వయసులో సముద్రం దాటి సవుసవు పట్నం వచ్చి, మూతబడిన ఎండుకొబ్బరి కొట్టం వెనక రేకుల షెడ్డు వేసుకుని, నలభై మూడేళ్ళ పాటు ఊరందరి బళ్ళూ బాగుచేశాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఇంజనైతే చప్పుడు చేసినప్పుడు కట్టేయొచ్చు" అనేవాడు. విలిసోని భార్య మెరెయోని ఊరుకునేది కాదు. "నిన్ను చేసుకునే పిల్ల దొరికితే ముందు గ్రీజు కంపుకి ముక్కు మూసుకోవడం నేర్పాలి అన్నయ్యా" అనేది.

అతనికంటూ ఉన్నది ఒక తెల్ల కారు. తుపానులో చెట్టు మీద పడి నుజ్జయితే ఎవరో వదిలేసుకున్నది. ఆరేళ్ళపాటు ఒక్కో ముక్కా వెతికి తెచ్చి దాన్ని నిలబెట్టాడు. కోరోలో వాళ్ళ ఊరిదాకా రోడ్డు పడిందని తెలిసినప్పటి నుంచీ ఒకటే ధ్యాస. తన కారులో, తనే నడుపుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాలి. అక్కయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆదివారం చర్చికి తీసుకెళ్ళాలి. షెడ్డు ఖాళీ చేస్తానని చెప్పేశాడు. శుక్రవారం పడవలో కారుకు చోటు కూడా చెప్పుకున్నాడు.

విలిసోనిది సవుసవు తీరం. అతని ఊరూ సకియుసా ఊరూ ఒకే మూలపురుషుడి సంతతి, అందుకని ఇద్దరూ తవూలు. తవూలంటే ఊరూ ఊరూ బావామరుదులైనట్టు. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం రాకూడదు. ఒకరి వస్తువు ఇంకొకరు అడక్కుండా పట్టుకుపోవచ్చు, వద్దనకూడదు. వాళ్ళ మధ్య చెల్లనిదల్లా మెత్తగా మాట్లాడుకోవడమే.

ఆ సోమవారం మధ్యాహ్నం విలిసోని టాక్సీ కొండవతలి లంబాసా నుంచి తిరిగొస్తూ నేరుగా షెడ్డు ముందు ఆగింది. ఇంజను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టక టక టక.

"ఏం బావా, పెట్రోలు బదులు గులకరాళ్ళు పోయిస్తున్నావా?" అన్నాడు సకియుసా.

"నీ పళ్ళు రాలుతున్న చప్పుడేమో, సరిగ్గా విను" అన్నాడు విలిసోని. అన్నాడే గాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

వెనక సీట్లో మెరెయోని కాలు బార చాపుకుని కూర్చుంది. చక్కెర జబ్బు. పాదం మీద పుండు. వారానికి రెండుసార్లు కొండ దాటి ఆస్పత్రికి వెళ్ళి శుభ్రం చేయించుకోవాలి. కాలు ముడిస్తే నెత్తురు కారుతుంది కాబట్టి బస్సు కుదరదు. మధ్యలో మానేస్తే మోకాలి దాకా తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. ఇంకో టాక్సీ ఒక పూటకైతే దొరుకుతుంది. నెలల తరబడి ఎవరు తిప్పుతారు? లంబాసాలో ఒక మెకానిక్ చప్పుడు వింటూనే, "లోపల బేరింగులు పోయాయి, ఇనుప సామాన్లకి వేసెయ్" అన్నాడట.

"వాడు బానెట్ ఎత్తాడా?"

"లేదు."

"మరి డాక్టరు చీర చూసి కాలు తీసేయమన్నట్టుంది."

మెరెయోని పకపకా నవ్వింది. విలిసోనికి నవ్వు రాలేదు.

సకియుసా ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి, వినడం, మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాడు. నాలుగింటికీ చప్పుడులో తేడా లేదు. "బేరింగే పోతే ఆ సిలిండరు పని మానగానే దెబ్బ మెత్తబడాలి. పడలేదు" అన్నాడు. ఆయిలు పుల్ల తీసి వేళ్ళ మధ్య రుద్ది ఎండలో పెట్టి చూశాడు. ఇనుప రజను మెరవలేదు. తర్వాత జామకర్ర తెచ్చి ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య బిగించాడు.

"చెవిలో ఎందుకు పెట్టుకోవు?"

"ముసలి చెవులు అబద్ధాలాడతాయి. పళ్ళు ఆడవు."

"ఉన్న నాలుగు పళ్ళూ నాలుగు మాటలు చెప్పకుండా చూసుకో."

కింద ఆయిలు గిన్నె దగ్గర చప్పుడు పలచగా ఉంది. ముందుకు జరిగేకొద్దీ ముదిరింది. సకియుసా ఇంజను కట్టేసి బెల్టు విప్పాడు. ముందున్న పెద్ద పుల్లీని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. నడుమ దిమ్మ కదల్లేదు, చుట్టూ ఉన్న ఇనుప చట్రం కదిలి టక్కుమంది. రెంటినీ అంటించి ఉంచే రబ్బరు పెళుసై విడిపోయింది.

"ఇంజను బంగారం. ఈ రబ్బరే నీ బుర్రలాగా ఎండిపోయింది" అన్నాడు. "కొత్త పుల్లీ వేస్తే చాలు."

రాజధాని సువాలో విడిభాగాల కొట్టుకు ఫోన్ చేస్తే, అంత పాత బండివి తమ దగ్గర లేవు, పైదేశం నుంచి రావాలి, ఆరు వారాలు పడుతుంది, అప్పటికైనా దొరుకుతుందని చెప్పలేం అన్నారు.

విలిసోని ఒక టైరు మీద కూలబడ్డాడు. మూడు గజాల దూరంలో తెల్ల కారు ఉంది. అదీ ఈ రకం బండే. అటు చూడకూడదని అతను పంతంగా నేల చూశాడు. తీసుకునే హక్కుంది. కాని ఆ ఆరేళ్ళూ అతను కళ్ళారా చూసినవే. ఆ పుల్లీ లేకపోతే బెల్టు లేదు, బెల్టు లేకపోతే కారు పడవెక్కదు. మరో కారు కూర్చుకుని కోరోకు వెళ్ళేంత వయసూ సకియుసాకు ఇక లేదు.

టాక్సీని అక్కడే వదిలి, మెరెయోనిని పక్కింటివాళ్ళ బండిలో ఇంటికి చేర్చాడు. మంగళవారం పొద్దున ఆమె కట్టు సర్దుకుంటూ, "కాలు పోతే పోయిందిలే. ఇకనుంచి ఒక చెప్పే కొందువుగాని" అంది. విలిసోని టీ తాగకుండానే షెడ్డుకు వచ్చేశాడు.

సకియుసా ఉడికించిన కర్రపెండలం తింటున్నాడు.

"మీ తాతలు మా దీవికొస్తే కోళ్ళగూటిని గూటిపళంగా మోసుకుపోయేవారట. ఎలాంటి వాళ్ళకి ఎలాంటి మనవలు పుట్టారు!"

"నేనేమన్నా అడిగానా?"

"అడిగితే ఇవ్వను." సకియుసా చేతులు కడుక్కున్నాడు. "నాకు నిద్రొస్తోంది. సాయంత్రం దాకా లేపకు." చాప పరుచుకుని, టోపీ మొహం మీద వేసుకుని అటు తిరిగి పడుకున్నాడు. క్షణంలో గురక.

తెల్ల కారు బానెట్ మీద పుల్లీని ఊడలాగే పుల్లర్, పొడుగు పైపు, సరిపోయే సాకెట్టు వరసగా ఉన్నాయి.

విలిసోని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి పైపు తగిలించి ఒళ్ళంతా బిగబట్టి తోశాడు. ఇద్దరు మనుషులు వేలాడితేగాని కదలని బోల్టది. వేలితో నెట్టినట్టు తిరిగింది. ముందుకు తూలి బంపరు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మరల మీద తాజా ఆయిలు తళతళలాడుతోంది. వెనక్కి తిరిగి చూశాడు. గురక ఆగలేదు, తడబడనూ లేదు.

పొద్దు వాలే వేళకు పుల్లీ ఇటు మారింది. తాళం తిప్పాడు. టకటక లేదు. ఫ్యాను గాలి, అంతే.

సకియుసా ఒక్క ఉదుటున లేచి రోడ్డు మీదికి పరిగెత్తాడు. "దొంగ! దొంగ! నిద్రపోతున్నవాణ్ణి దోచేశాడు! ఇక నేను ఊరికెలా వెళ్ళను?" మార్కెట్ నుంచి వస్తున్న ఆడవాళ్ళు బుట్టలు దించి మరీ నవ్వారు.

"మీ అక్కయ్య?" విలిసోని మెత్తగా అన్నాడు. తవూల మధ్య రావాల్సిన గొంతు కాదది.

"నడుస్తుందిలే. దానికి రెండు కాళ్ళూ బానే ఉన్నాయి" అన్నాడు సకియుసా. ఆ వెంటనే, "వంద కిలోమీటర్లు తిరిగాక ఆ బోల్టు మళ్ళీ బిగించు. మర్చిపోతావు. మీ ఊరివాళ్ళకి పుట్టుకతోనే మతిమరుపు" అన్నాడు.

గురువారం టాక్సీ కొండెక్కి దిగింది. పుండు చుట్టూ ఎర్రటి కొత్త మాంసం వస్తోందని డాక్టరు చెప్పాడు.

శుక్రవారం సకియుసాను రేవుకు తెచ్చింది ఆ టాక్సీయే. మెరెయోని వెనక కాలు చాపుకుని కూర్చుంది. విలిసోని ఒళ్ళో, సెలవు తీసుకునేటప్పుడు మర్యాదగా చేతికిచ్చే కావా వేళ్ళ కట్ట పెట్టుకున్నాడు. వీడ్కోలుగా అనాల్సిన తిట్టొకటి మనసులో కూర్చుకుంటూ వచ్చాడు. ఇంతవరకు ఏ తవూ ఏ తవూను తిట్టనంత పెద్దది.

రేవులో ఇంజను కట్టేయకుండానే దిగి, కట్ట సీటు మీద పెట్టి, పనిముట్ల పెట్టె కోసం డిక్కీ తెరిచాడు. సకియుసా పెట్టె అందుకుని బండి ముందు వైపు వెళ్ళి, తల కాస్త వంచి నిలబడ్డాడు.

మెరెయోని కిటికీలోంచి అడిగింది. "ఏం వినపడుతోంది అన్నయ్యా?"

"ఏమీ వినపడట్లేదు చెల్లీ."

విలిసోని డిక్కీ మూసి, కట్ట చేతిలోకి తీసుకుని ఇటు వచ్చేసరికి బండి ముందు ఎవరూ లేరు. పడవ బల్ల మీద, బస్తాలు మోసేవాళ్ళ నడుమ, భుజాన పెట్టెతో ఒక నీలం చొక్కా పైకెక్కుతోంది. కేకేస్తే వినపడేంత దూరమే. విలిసోని నోరు తెరిచాడు గాని, తిట్టు రాలేదు. ఆ చొక్కా వెనక్కి తిరగకుండా లోపలికి వెళ్ళిపోయింది.