పేరు మార్చిన ఫోల్డరు

నిన్న ఉదయం మా నర్సింగరావు దేహయాత్ర ముగిసింది. ఒక రచయిత వెళ్లిపోయిన మరునాడు మిత్రులు చేయవలసినవి రెండు. ఆయనను తలచుకోవడం, ఆయన వదిలివెళ్లిన అక్షరానికి కాపలా కాయడం. ఈ పోస్టు ఆ రెంటికీ.

వార్త ఫోనులో వచ్చినప్పుడు నేను నమ్మలేదు.

ఫిల్మ్‌నగర్‌లో బతికున్నవారికి సంతాపాలు చెప్పడం మనకు కొత్త కాదు. ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అని ఆరా తీశాను. చివరికి ఆయన కుమార్తె జ్యోతికే ఫోన్ చేశాను.

"నిజమే పెద్దనాయనా," అంది.

పౌరాణిక చిత్రాలకు భాష సరిచూసే పని మీద తిరిగే రోజుల్లో, ఒక కథా చర్చలో పరిచయమయ్యాడు నర్సింగరావు. షేక్‌పేట పాత ఊరి మనిషి. మాటల రచయిత. చాలా సినిమాల్లో ఆయన మాటలున్నాయి, పేరు లేదు.

ఒకసారి టీ తాగుతూ ఎవరికో చెప్పిన కథను, తరువాత టికెట్ కొనుక్కుని చూడవలసి వచ్చింది ఆయనకు. ఇంటర్వెల్‌లో లేచి బయటికి వచ్చేశాడు.

ఆనాటి నుంచి ఆయనకు అనుమానం ఊపిరి వంటిది. గోడకు అవతల మనిషి దగ్గినా మాట ఆపేసేవాడు.

మొన్న వేసవిలో ఆయన ల్యాప్‌టాప్ మొరాయించింది. ఆన్ చేస్తే నీలి తెర, మళ్లీ మొదటికి రావడం, మళ్లీ నీలి తెర. రిపేర్ షాపుకు ఇద్దామంటే ససేమిరా అన్నాడు. ఇస్తే కథ పోతుందని భయం.

సొంతంగా విండోస్ ఎక్కిద్దామంటే డబ్బాలో డిస్కులు లేవు. ఈ రోజుల్లో ఇవ్వరట. లైసెన్స్ కీ కూడా మెషీన్ లోపలే ఉంటుందట. జ్యోతి ఈ సంగతి వివరిస్తే ఆయన నా వైపు తిరిగాడు.

"పంతులూ, డిస్కు ఇయ్యలే, కీ ఇయ్యలే. అంటే నా ఇంటి తాళంచెవి వాని దగ్గరనే ఉన్నట్టు గదా?"



జ్యోతి తన కంప్యూటర్‌లో కంపెనీ సైట్ నుంచి విండోస్ దింపి ఒక పెన్ డ్రైవ్ తయారు చేసింది. పాత ఫైళ్లు తీయడానికి మరొకటి. ముందుగా ఆ రెండో దానితో ల్యాప్‌టాప్‌ను తాత్కాలికంగా మేల్కొలిపి, "స్క్రిప్టులు" అన్న ఫోల్డరును బయటి డ్రైవులోకి తీసింది. ఇక మిగిలినదంతా చెరిపి కొత్తగా ఎక్కించాలి.

"ఇంకేమన్న ఉంచాల్నా బాపూ?" అని అడిగింది.

ఆయన పలకలేదు. నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. తెర మీద "అమ్మ తద్దినం" అన్న ఫోల్డరు వైపు గడ్డంతో చూపించాడు.

వాళ్లమ్మ తిథిని ఏటా పంచాంగం చూసి చెప్పేది నేనే. అందుకని నిశ్చింతగా అన్నాను: "ఆ తిథి నాకు కంఠస్థం. అది పోయినా నష్టం లేదు. కానివ్వమ్మా."

జ్యోతి వేలు మీట మీదికి వెళ్లింది.

"ఆగు బిడ్డా! అది తద్దినం కాదు, నా కథ!"

హాల్లో స్టూలెక్కి ఏసీ బాగుచేస్తున్న మెకానిక్ వెనక్కి తిరిగి చూశాడు. నర్సింగరావు అంతసేపు నోరు మెదపనిది ఆయన వల్లే.

మెకానిక్ మళ్లీ ఏసీ వైపు తిరుగుతూ అన్నాడు, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, నేను సినిమాలు చూడ."

ఫోల్డరుకు తద్దినం అన్న పేరుంటే పరిశ్రమలో ఎవరూ తెరవరని నర్సింగరావు లెక్క. అయితే అది పూర్తిగా దొంగపేరు కాదు. ఆ కథ వాళ్లమ్మదే. జూబ్లీహిల్స్ గుట్టల మీద ఇళ్లు లేవక ముందు అక్కడ రాళ్లు కొట్టిన మనిషి ఆవిడ. తన పేరుతో తెర మీద చూసుకోవాలని ఆయన ఆశపడిన కథ అదొక్కటే.

ఇక నిన్నటి సంగతి.

దేహం ఇంకా ఇంట్లోనే ఉంది. ఒక ప్రొడక్షన్ ఆఫీసు నుంచి పెద్ద పూలదండతో ఒకాయన వచ్చాడు. నమస్కరించాడు, కళ్లు తుడుచుకున్నాడు. పక్కకు వచ్చి జ్యోతితో మెల్లగా, "అమ్మా, సార్ ల్యాప్‌టాప్ ఒకసారి ఇస్తే బ్యాకప్ తీసి పంపిస్తామండీ. విలువైన స్క్రిప్టులుంటాయి, పోకూడదు కదండీ," అన్నాడు.

సదుద్దేశమే కావచ్చు. కానీ దండతో పాటు హార్డ్ డిస్కు తెచ్చుకున్న సంతాపాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

నేను అడ్డుపడబోయాను. జ్యోతి కళ్లతోనే వారించింది. అచ్చం తండ్రి చూపు. ఈసారి నాకు అర్థమైంది.

"తీస్కోండ్రి అన్నా. బాపు స్క్రిప్టులన్నీ గీ ఫోల్డర్లనే ఉన్నయి," అని ల్యాప్‌టాప్ తెరిచి తానే ముందు కూర్చుని ఆయన డిస్కులోకి కాపీ చేసి ఇచ్చింది.

ఆయన తృప్తిగా వెళ్లాడు. ఆ ఫోల్డరులో ఉన్నవన్నీ గతంలో వాళ్ల ఆఫీసు విని వద్దన్న కథలు.

అమ్మ కథ భద్రంగా ఉంది. దాని ప్రతులు చేరవలసిన చోట్లకు చేరాయి, నర్సింగరావు పేరుతోనే.

ఈ పోస్టును సానుభూతితో చదివేవారికి నా నమస్కారం. ఇతర కారణాలతో చదివేవారికి ఒక మాట. ఆ తద్దినం ఫోల్డరు పేరు ఈ ఉదయమే మార్చాము. కొత్త పేరు చెప్పను.

నర్సింగం, ఇక అనుమానం మాకు వదిలి నిశ్చింతగా నిద్రపో. నీ ఆత్మకు శాంతి కలుగుగాక.

నీ వెనుక ఈ గుట్టలెక్కి కథలు చెప్పబోయే పిల్లలందరి మాటా వారి పేరుతోనే తెర మీదికి వచ్చుగాక.