పాఠమనుకుని వాళ్లు వల్లించిన ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, మీతో ఈ మాట చెప్పుకునేందుకు నన్ను ఇంతవరకు నిలిపిన ప్రభువును స్తుతించి, నేను ప్రార్థన చేయలేకపోయిన కాలాన్ని గురించి రాస్తున్నాను.

నా భార్య సుగుణకు గొంతులో కాన్సర్ వచ్చింది. లాలాగూడలోని మా ఇంట్లో సంఘమంతా ఆమె కోసం ఉపవాస ప్రార్థనలు చేసింది. చేసిన ప్రార్థనను, దేవుడిచ్చిన జవాబును పక్కపక్కన రాసిపెట్టుకోవడం నాకు యౌవనం నుంచీ అలవాటు. ఆమె విషయంలో జవాబు రాయవలసిన చోటు ఖాళీగానే మిగిలింది. చివరి వారాల్లో గంజి తప్ప మరేదీ ఆమె గొంతు దిగలేదు, ఆ తరువాత మాట పోయింది, ఆ తరువాత మనిషే పోయింది.

సమాధి కార్యక్రమం ముగిసి ఇంటికి వచ్చాక, నాతోపాటు సంఘపెద్దగా ఉన్న యేసుదాసు నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, తప్పుగ అనుకోకు. విశ్వాసం జెర గట్టిగ ఉంటే వదిన లేచి కూసుంటుండె."

"గట్టిగ అంటే ఎంత, దాసూ?"

"అదేందన్నా, గట్ల కొలుస్తరా?"

"కొలవకుండనే నాకు తక్కువైందని నీకెట్ల తెలిసింది?"

అతను టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. శవం లేచిన ఇంట్లో కూర్చుని విశ్వాసాన్ని తూకం వేసేవారి మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. ఈ వాక్యాన్ని మెత్తబరచవద్దని ఈ పత్రిక సంపాదకులకు నా మనవి.

అయినా ఆ మాట నాలో దిగబడిపోయింది. మోకరిస్తే 'ప్రభువా' అన్న పిలుపైనా నోటికి రాలేదు. ఇతరుల ఇళ్లలో ప్రార్థించవలసిన సంఘపెద్దను నేను, పిలుపు వచ్చిన ప్రతిసారీ ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఇలాగే సాగితే నాకు దేవుడే లేకుండా పోతాడని భయపడ్డాను. అటువంటి రోజుల్లో, మడగాస్కర్ దేశంలో పెద్దవాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు నేర్పడానికి రిటైరైన ఉపాధ్యాయులు కావాలని తెలిసింది. నేనూ రిటైరైన ఇంగ్లీషు ఉపాధ్యాయుణ్ణే కనుక, ఎవరూ నన్ను ప్రార్థించమని అడగని చోటు అదే అనుకుని వెళ్లాను.

తరగతి జరిగేది చర్చి హాలులోనని వెళ్లాకే తెలిసింది. అక్కడి పాస్టరుగారు మొదటి రోజే, తరగతిని ప్రార్థనతో మొదలుపెట్టమన్నారు. నాలో ప్రార్థన ఎక్కడుంది? సుగుణ ప్రతి ఉదయం మా ఇంట్లో చేసే ప్రార్థనను ఇంగ్లీషులోకి మార్చి, రోజూ అదే అప్పజెప్పాను: ప్రభువా, ఈ గడప దాటి వచ్చే ప్రతివారినీ పంపేది నీవే. వారికి కావలసింది మా చేత ఇప్పించు. మాట రానివారి మొర కూడా ఆలకించు.

నా విద్యార్థులు కూరగాయలమ్మేవారు, దర్జీలు, డ్రైవర్లు. నేను ఒక ముక్క పలికితే వాళ్లంతా కలిసి తిరిగి పలకాలి, అదే నా బోధనా పద్ధతి. ప్రార్థన సమయంలోనూ వాళ్లు నా వెనకే మెల్లగా పలికేవారు. అది ఆ దేశపు భక్తి అనుకున్నాను.

ఆ దేశంలోనూ మనలాగే మూడు పూటలా అన్నమే. వండిన గిన్నె అడుగున మిగిలిన మాడులో నీళ్లు పోసి మరిగించి తాగుతారు. ఒక ఉదయం హంతా అనే దర్జీపని చేసే ఆమె ఆ నీళ్లు వేడివేడిగా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను ప్రార్థన మొదలుపెట్టాను. గంజి వాసన వంటి ఆ వాసన ముఖానికి తగిలింది. 'మాట రానివారి' అనబోయి ఆగిపోయాను. మాట లేక నా వైపు చూసిన సుగుణ కళ్లు తప్ప నాకింకేమీ కనబడలేదు.

అప్పుడు తరగతిలోని వాళ్లే, అందరూ కలిసి, పెద్దగా ఆ చివరి వాక్యాన్ని పూర్తిచేశారు. మాట పోయి నిలబడింది నేను, నా కోసం మొరపెట్టింది వాళ్లు.

"పాఠం మరిచిపోయారా సార్?" అని హంతా తనకు వచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

"అది పాఠం కాదమ్మా, ప్రార్థన."

"అయ్యో! మేం మొదటి పాఠం అనుకున్నాం. ఇంట్లో వంట చేస్తూ కూడా వల్లిస్తున్నా. మా ఆయన చెవులు మూసుకుంటున్నాడు." తరగతి నవ్వింది. ఆమె మాత్రం నా ముఖం చూసి నవ్వు ఆపుకుని మెల్లగా అడిగింది. "మా ఇంగ్లీషు దేవుడికి అర్థమై ఉంటుందా సార్?"

జవాబు చెప్పబోతే నాకు ఇంగ్లీషు రాలేదు. "ప్రభువా" అన్నాను, తెలుగులో, సుగుణ పోయాక మొదటిసారి.

"ప్రభువా" అంది తరగతి.

"నా మొర ఆలకించు" అన్నాను. ఒక్క తెలుగు ముక్కైనా తెలియని ఆ గొంతులన్నీ తడబడుతూ, సాగదీస్తూ ఆ మాటను తిరిగి పలికాయి. నేను ఏడుస్తూ చెప్పినదంతా వాళ్లు చెప్పారు. ఆమెను ఎందుకు తీసుకున్నావని అడిగితే అదీ వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకు నేటికీ జవాబు రాలేదు, ఖాళీ చోటు ఖాళీగానే ఉంది. కానీ నా నోరు విప్పినవాడు ఆయనే, మహిమ ఆయనకే చెందాలి.

తిరిగి వచ్చాక, "అన్నా, ఫారిన్ పోయొచ్చినవ్, సాక్ష్యం చెప్పు" అన్నాడు యేసుదాసు. ఇదే నా సాక్ష్యం. ప్రియులారా, మీలో ప్రార్థన రాక, ఎవరితోనూ చెప్పుకోలేక కుమిలేవారుంటే, ఆదివారం చర్చికి వచ్చి నేను కూర్చునే బల్ల మీద నా పక్కన కూర్చోండి. మీ విశ్వాసం ఎంతని నేను అడగను, పక్కవారిని అడగనివ్వను. మీకు 'ప్రభువా' అన్న ఒక్క మాట వస్తే అది చాలు, వెనక మేమంతా పలుకుతాం. అదీ రాకపోతే ఊరికే కూర్చోండి. మీ వంతు మేమే చెబుతాం.