డిక్కీ కారా, వేనా?

షోరూం తాళం తీయగానే కొత్త సీట్ల వాసన గుప్పుమంటుంది. విజయనగరంలో ఈ ఉద్యోగానికొచ్చి నాలుగేళ్లయింది. చిన్న కుటుంబానికి హ్యాచ్‌బ్యాక్, డిక్కీ కావాలంటే సెడాన్, మట్టిరోడ్లకి ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ, ఏడుగురికైతే పెద్ద బండి, సామాన్లకి వ్యాన్ అంటూ వచ్చినవాళ్లందరికీ అవే మాటలు చెప్పి చెప్పి సాయంత్రానికి నోరు పిడచకట్టుకుపోతుంది. ఈ పేర్లన్నీ నేను పదేళ్లప్పుడే, శ్రీకూర్మం దగ్గర సముద్రం ఒడ్డునున్న మా ఊళ్లో, మా ఇంటి అరుగు మీద నేర్చుకున్నాను.

అది రెండువేల పదకొండో, పన్నెండో. నాన్న లారీ డ్రైవరు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. అమ్మ పొద్దున్నే ఒడ్డున చేపలు కొని, తట్టతో శ్రీకాకుళం బజారుకి వెళ్లేది. నీసు వాసనని బస్సులో ఎక్కనిచ్చేవారు కాదు, ఆటోలో వెనకాల వేలాడుతూ వెళ్లాల్సిందే. ఆ ఏడు వానల్లో ఆటో గోతిలో పడి అమ్మ రోడ్డు మీదకి విసిరినట్టు పడిపోయింది. విరిగిన మణికట్టు వంకరగానే అతుక్కుంది.

తర్వాతి వారం నాన్న ఒక కంపెనీ కార్ల బొమ్మల పుస్తకం తెచ్చాడు. చూరు నుంచి నీళ్లు కారుతుంటే, వేడి చోడి అంబలి గిన్నెలు ముందు పెట్టుకుని, నేనూ చెల్లీ నున్నటి ఆ కాగితాలు తిప్పి తిప్పి మాకు నచ్చిన రంగులు ఏరుకునేవాళ్లం. నాన్న చూపంతా తెల్ల సెడాన్ మీదే.

“దీన్ని పెళ్లిళ్లకి తిప్పితే మన బతుకే మారిపోతాది. డిక్కీ సూడే, ఎంతుందో!”

“తట్టెడితే మూత పడతాదా?” అంది అమ్మ.

“ఓసి నీ సేపలూ! అందులో సేపలెడతారేటే?”

అమ్మ ఖాళీ గిన్నెలు తీసుకుని లోపలికెళ్లిపోయింది.

శ్రీకాకుళం షోరూంకి అందరం వెళ్లాం. అమ్మ పెట్టెలోంచి పెళ్లిచీర తీసి కట్టుకుంది. నాన్న సెడాన్ స్టీరింగు పట్టుకుని మురిసిపోతుంటే, అక్కడి అబ్బాయి వెనక తలుపు తీసి, “కూర్చోండమ్మా” అన్నాడు. అమ్మ కదల్లేదు.

“వొద్దు బాబూ. సీటుకి వాసనెక్కిపోతాది.”

నాన్న స్టీరింగు వదిలేశాడు. మెల్లగా దిగాడు. “వేను సూపించండి” అన్నాడు. అమ్మ వంకర చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నాన్న అందరి ముందూ అమ్మ చెయ్యి పట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

ఆ వ్యానే కొన్నాం. ఆరేళ్లు అమ్మ దాని ముందు సీట్లోనే బజారుకి వెళ్లింది. నాన్న లారీ మానేశాడు. దారిలో తట్టలతో ఎవరు కనపడినా “ఆపవయ్యా, ఎక్కించుకుందాం” అనేది. వ్యాను నిండా ఆడవాళ్లు, నీసు వాసన, పెద్ద పెద్ద నవ్వులు.

తర్వాత ఐసు లారీలు ఒడ్డుకే వచ్చి, పడవ దిగిన సరుకు దిగినట్టే పట్టుకుపోవడం మొదలైంది. తట్టల్లోకి చేపలు మిగల్లేదు. వ్యాను అమ్మేశాం. నాన్న మళ్లీ లారీ ఎక్కాడు, ఇప్పటికీ దిగలేదు. అమ్మతో నవ్విన ఆడవాళ్లు కొందరు రొయ్యల కంపెనీల్లో పనికి కుదిరారు, కొందరు పోయారు.

మొన్న ఆదివారం ఇంటికెళ్లినప్పుడు, మా షోరూంలో నాకు తగ్గింపు ఇస్తారు, చిన్న కారొకటి తీసుకుందామా అని అడిగాను.

అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ తలెత్తలేదు.

“తీసుకుంటే తీసుకో. నానెక్కడికెల్లాలే?”